శుభలేఖ మీద స్క్రిప్ట్ ఫాంట్: పేరు చదవగలిగేలా పేర్చడం

ముహూర్తం ఖాయమైంది, కార్డు మోడల్ కుదిరింది, డీటీపీ షాపు నుంచి వాట్సాప్‌లో ప్రూఫ్ కూడా వచ్చేసింది. తెలుగు వైపు అంతా బాగానే ఉంది. ఇంగ్లిష్ వైపు చూస్తే పెళ్ళికొడుకు పేరు వంపుల మధ్య చిక్కుకుపోయింది. ముందున్న ఇనీషియల్స్ మూడూ ఒకదాన్నొకటి తొక్కుతున్నాయి. పెళ్ళికూతురి పేరు ‘ఇందిర’ అయితే చుట్టాలు ‘జిందిర’ అని చదువుతున్నారు. మీరైతే ఏం చేస్తారు? ఆ ఫాంట్ తీసేసి మామూలు అక్షరాలు పెట్టమంటారా? ఫ్యాన్సీగా ఉంది కదా అని అలాగే అచ్చుకు పంపేస్తారా?

రెండూ అక్కర్లేదు. అలాంటి ఫాంట్లు చాలావరకు మంచి చేతి నుంచి వచ్చినవే. వాటిని పేర్చే పద్ధతి కొంచెం వేరు. ఆ పద్ధతి తెలిస్తే సొంతంగా కార్డు చేసుకునేవాళ్ళకే కాదు, షాపులో ఆపరేటర్ పక్కన కుర్చీ వేసుకుని కూర్చునేవాళ్ళకూ పనికొస్తుంది. సన్మాన పత్రం, కాలేజీ సర్టిఫికెట్, బొటిక్ బోర్డు, గృహప్రవేశం ఆహ్వానం దేనికైనా పద్ధతి ఒకటే.

ముందు కలాన్ని గుర్తుపట్టండి

స్క్రిప్ట్ ఫాంట్ ఏదైనా ఒక కలం నడకను అనుకరిస్తుంది. ఆ కలం ఏదో తెలిస్తే ఫాంట్‌ను ఎక్కడ వాడాలో సగం తెలిసినట్టే.

సూదిగా ఉండే, నొక్కితే విచ్చుకునే పాళీ ఒకటి. కిందికి గీసేటప్పుడు నొక్కుతారు కాబట్టి గీత లావవుతుంది. పైకి వెళ్ళేటప్పుడు చెయ్యి తేలికపడుతుంది, గీత వెంట్రుకంత సన్నబడుతుంది. ఇంగ్లండ్‌లో 17, 18 శతాబ్దాల రైటింగ్ మాస్టర్లు ఈ పాళీతో రాసిన వాలు రాతనే రౌండ్‌హ్యాండ్ అంటారు. వాళ్ళ రాతను చెక్కేవాళ్ళు రాగిరేకుల మీదికి ఎక్కించి అచ్చు వేసేవారు, అందుకే దానికి కాపర్‌ప్లేట్ అన్న పేరూ ఉంది. జార్జ్ బిక్‌హామ్ 1733 నుంచి భాగాలుగా వెలువరించిన ‘ది యూనివర్సల్ పెన్‌మన్’ ఈ రాతకు పెద్ద ఆకరం. అందులోని అక్షరాల ఆధారంగానే రిచర్డ్ లిప్టన్ 1997లో అడోబీ సంస్థకు బిక్‌హామ్ స్క్రిప్ట్ గీశాడు. మైక్రోసాఫ్ట్ ఆఫీస్‌తో చాలా కంప్యూటర్లలోకి వచ్చిన ఎడ్వర్డియన్ స్క్రిప్ట్ కూడా ఈ కుటుంబానిదే, 1994లో ఎడ్ బెంగ్వియట్ గీసినది. పెళ్ళి, పట్టాభిషేకం, పట్టా ప్రదానం లాంటి గంభీరమైన సందర్భాలకు ఈ రాత బాగా నప్పుతుంది.

వెడల్పు మొన ఉన్న కలం రెండోది. ఇక్కడ లావూ సన్నమూ నొక్కుడు వల్ల రావు, కలం పట్టిన కోణం వల్ల వస్తాయి. సర్టిఫికెట్లలో తరచు కనిపించే మోనోటైప్ కోర్సివా ఈ రకం. 16వ శతాబ్దపు ఇటలీలో ఆరిగ్గి అనే లేఖకుడు రాసిన వాలు రాత దానికి స్ఫూర్తి. దాన్ని ప్యాట్రీషియా సాండర్స్ రూపొందించింది. దీనిలో అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోవు, అందువల్ల చదవడం తేలిక. కార్డులో ఇంగ్లిష్ పంక్తులు ఎక్కువగా ఉన్నాయా? అయితే రౌండ్‌హ్యాండ్ కన్నా ఈ రకమే నయం.

మూడోది బ్రష్. 1942 నాటి బ్రష్ స్క్రిప్ట్ దీనికి బాగా తెలిసిన ఉదాహరణ. టిఫిన్ సెంటర్ బోర్డుకూ పండగ సేల్ కరపత్రానికీ బాగుంటుంది. శుభలేఖకు మాత్రం వద్దు.

సీసం ఇవ్వని స్వేచ్ఛ

స్క్రిప్ట్ ఫాంట్ ఎందుకంత సున్నితమో తెలియాలంటే దాని గతంలోకి కాస్త తొంగిచూడాలి. సీసపు అచ్చక్షరం ఒక్కొక్కటీ నలుచదరపు దిమ్మ మీద ఉండేది. వాలుగా, ఒకదాన్నొకటి తాకుతూ సాగే రాతను ఆ దిమ్మల్లో ఇమడ్చడం నరకం. అక్షరం తోక దిమ్మ దాటి బయటికి వస్తే అచ్చు ఒత్తిడికి విరిగిపోయేది. అచ్చక్షరాలు పోతపోసే ఫౌండ్రీలు కొన్ని ఏటవాలు దిమ్మలే చేశాయి. అక్షరాలను ఫొటో పద్ధతిలో పేర్చే ఫొటోటైప్‌సెట్టింగ్ వచ్చాక దిమ్మ అనేదే లేకుండా పోయింది. ఆ అవకాశాన్ని వాడుకుని మాథ్యూ కార్టర్ 1960ల మధ్యలో లైనోటైప్ సంస్థకు స్నెల్ రౌండ్‌హ్యాండ్ గీశాడు. చార్లెస్ స్నెల్ అనే లండన్ రైటింగ్ మాస్టర్ రాత దానికి మూలం. అందులో ఒక అక్షరం తోక వెళ్ళి పక్క అక్షరం మొదలును కచ్చితంగా తాకుతుంది. తరవాత కంప్యూటర్ తెరల కోసం జార్జియా, వెర్డానా గీసినదీ ఈ కార్టరే.

జర్మన్ కాలిగ్రాఫర్ హెర్మన్ జాఫ్ ఇంకా ఎక్కువ కాలం ఎదురుచూశాడు. పలటీనో, ఆప్టిమా ఫాంట్ల సృష్టికర్తగా ఆయనను ప్రపంచం ఎరుగును. 1944లో, యుద్ధంలో ఉండగానే, తన స్కెచ్‌బుక్‌లో ఒక పేజీ నిండా ధారాళమైన రాత రాసుకున్నాడు. యుద్ధం అయ్యాక స్టెంపెల్ ఫౌండ్రీకి విర్టువోజా అనే స్క్రిప్ట్ ఫాంట్ చేశాడు గానీ, సీసం పరిమితుల వల్ల స్కెచ్‌బుక్ పేజీలోని స్వేచ్ఛ అందులోకి రాలేదు. 1993లో డేవిడ్ సీగెల్ అనే అమెరికన్, ఒకే అక్షరానికి అనేక రూపాలు ఇచ్చి కంప్యూటర్ చేత వాటిని మార్చి మార్చి వాడించే ఆలోచనతో జాఫ్‌ను సంప్రదించాడు. జాఫ్‌కు ఆ పాత పేజీ గుర్తుకొచ్చింది. ఆ ప్రయత్నం మధ్యలో ఆగినా జాఫ్ వదల్లేదు, లైనోటైప్ దగ్గరికి తీసుకెళ్ళాడు. 1998లో జాఫీనో విడుదలయ్యేనాటికి ఆయన వయసు ఎనభైకి చేరువ. ఆ తరవాత అకిరా కొబయాషితో కలిసి దాన్ని విస్తరించి 2003లో జాఫీనో ఎక్స్‌ట్రా తెచ్చాడు. యాపిల్ కంప్యూటర్లలో జాఫీనో ముందే ఉంటుంది. అందులో ఇంగ్లిష్‌లో ‘జాఫీనో’ అని టైపు చేస్తే మాట మొత్తం ఒకే ఒక్క ప్రత్యేక రూపంగా మారిపోతుంది, చేసి చూడండి.

ఈ కథలో మీ కార్డుకు పనికొచ్చేది ఏమిటి? చేత్తో రాసేవాడు ఒకే పదంలో రెండు ‘ఎస్’లు వస్తే రెండిటినీ ఒకేలా రాయడు. తరవాత వచ్చే అక్షరాన్ని బట్టి తోకను పొడిగిస్తాడు, లేదా ముడుస్తాడు. మంచి స్క్రిప్ట్ ఫాంట్ లోపల ఆ రూపాలన్నీ ఉంటాయి. మనం కీబోర్డు కొడితే కనపడేవి వాటిలో కొన్నే. మిగతావాటిని అడిగి తీసుకోవాలి.

ఇక పనిలోకి

1. స్క్రిప్ట్‌లో ఉండాల్సిన మాటలు ముందే తేల్చుకోండి. వధూవరుల పేర్లు, మధ్యలో ‘వెడ్స్’, మహా అయితే పైన ఒక ఆహ్వాన వాక్యం. అంతే. ముహూర్తం, తేదీ, ఫంక్షన్ హాలు చిరునామా, ఫోన్ నంబరు స్క్రిప్ట్‌లో వద్దు. అంకెల్లో ఒకటీ ఏడూ కలిసిపోతే చుట్టాలు దారి తప్పుతారు. వాటికి గారమండ్, పలటీనో లాంటి నిలువు అక్షరాలు పెట్టండి. చుట్టూ ప్రశాంతంగా ఉంటేనే పేరు వెలుగుతుంది.

2. అన్నీ పెద్దక్షరాలు ఎప్పుడూ వద్దు. ఈ ఒక్క తప్పు తొలగితే సగం కార్డులు బాగుపడతాయి. రౌండ్‌హ్యాండ్‌లో క్యాపిటల్ అక్షరాన్ని చిన్నక్షరాల ముందు నిలబడేందుకు గీశారు. పక్కపక్కన పెడితే వాటి వంపులు ఢీకొంటాయి. మన శుభలేఖల్లో ఈ చిక్కు రెండు చోట్ల వస్తుంది. పేరు ముందు ఇనీషియల్స్, పేరు వెనక డిగ్రీలు. ‘ఎం.టెక్.’, ‘ఎం.బి.ఎ.’, ‘ఎం.ఎస్.’ స్క్రిప్ట్‌లో వేస్తే అది పీచుమిఠాయిలా కనిపిస్తుంది. డిగ్రీని పేరు కింద పంక్తిలో, చిన్న సైజులో, మామూలు ఫాంట్‌లో పెట్టండి. ఇనీషియల్స్ తప్పనిసరి అయితే? వాటినీ ఆ మామూలు ఫాంట్‌లోకి మార్చండి, లేదా ఇంటిపేరును పూర్తిగా రాసేయండి. అప్పుడది ఒకే క్యాపిటల్, మిగతావి చిన్నక్షరాలు అవుతుంది. చిక్కు విడిపోతుంది, పెద్దలకూ తృప్తిగా ఉంటుంది.

3. అనుమానపు అక్షరాలను విడిగా పరీక్షించండి. పెద్ద ‘ఐ’, పెద్ద ‘జె’ రౌండ్‌హ్యాండ్‌లో కవలలు. ఒకటి గీత మీద ఆగుతుంది, రెండోది కిందికి దిగుతుంది, తేడా అంతే. ‘టి’కీ ‘ఎఫ్’కీ మధ్య ఒక్క చిన్న అడ్డగీతే తేడా, అందుకే ‘తేజ’ పేరు ‘ఫేజ’ అయిపోయే ప్రమాదం ఉంది. ‘ఎస్’, ‘ఎల్’, ‘జి’ కూడా కొన్ని ఫాంట్లలో ఇబ్బంది పెడతాయి. కాబట్టి ఫాంట్‌ను కేటలాగులో రాసిన నమూనా మాట చూసి ఎంచుకోకండి. మీ పిల్లల పేర్లే టైపు చేయించి, నాలుగైదు ఫాంట్లలో పక్కపక్కన పెట్టి చూడండి.

మరో సంగతి. ఆ నమూనాను ఎవరికి చూపిస్తున్నారు? ఇంట్లోవాళ్ళకు పేరు ముందే తెలుసు. వాళ్ళు కంటితో కాదు, జ్ఞాపకంతో చదువుతారు. పేరు తెలియని మనిషికి, కార్డు అసలు సైజులో ప్రింటు తీసి, చెయ్యి చాచినంత దూరంలో చూపించండి. తడుముకోకుండా చదివితే సరే. ఒక్క క్షణం ఆగినా ఆ అక్షరానికి వేరే రూపం వెతకండి.

4. లాగకండి, నొక్కకండి, దూరం చేయకండి. షాపుల్లో రోజూ జరిగే సంభాషణ ఇలా ఉంటుంది. పెళ్ళికూతురి బాబాయి అంటాడు: “ఇటు పక్క ఖాళీ ఉంది కదా బాబూ, పేరు అడ్డంగా కాస్త లాగు.” అనుభవం ఉన్న ఆపరేటర్ అయితే చెబుతాడు: “లాగితే లావు గీతలు ఇంకా లావవుతాయి బాబాయిగారూ, వాలు కూడా పడిపోతుంది. కావాలంటే మొత్తం సైజు పెంచుదాం.” ఆ మాట వినాల్సిందే. పాళీ నొక్కుడుకు తగ్గట్టు కుదిరిన లావు, సన్నం ఒక్క లాగుడుతో చెడిపోతాయి.

అక్షరాల మధ్య దూరం పెంచడం ఇంకో పొరపాటు. అతుక్కునే ఫాంట్‌లో దూరం పెంచితే తోకలు తెగి గాల్లో వేలాడతాయి. పంక్తిని రెండు వైపులా సమంగా అమర్చే జస్టిఫై ఆప్షన్ కూడా కొన్నిసార్లు తెలియకుండా ఇదే పని చేస్తుంది, కాబట్టి స్క్రిప్ట్ పంక్తులను మధ్యకు సర్దండి. ఇక బోల్డ్ బటన్ జోలికి పోవద్దు. ఆ ఫాంట్‌కు నిజమైన బోల్డ్ రూపం లేకపోతే సాఫ్ట్‌వేర్ గీతల చుట్టూ బొద్దుగా పూత పూస్తుంది. ఇటాలిక్ నొక్కితే ముందే వాలిన అక్షరం ఇంకా వాలుతుంది.

5. అదనపు రూపాలను వెతికి తీయండి. వర్డ్‌లో అయితే ఫాంట్ డైలాగ్‌లోని అడ్వాన్స్‌డ్ ట్యాబ్‌లో లిగేచర్లు, స్టైలిస్టిక్ సెట్లు, కాంటెక్స్చువల్ ఆల్టర్నేట్లు ఉంటాయి. 2010 వెర్షన్ నుంచీ ఈ సదుపాయం ఉన్నా చాలామంది తెరిచి చూడరు. నేర్చుకోవడానికి గాబ్రియోలా మంచి ఫాంట్. జాన్ హడ్సన్ గీసిన ఈ ఫాంట్ విండోస్ 7 నుంచీ కంప్యూటర్‌తోనే వస్తోంది. ఒక పేరు టైపు చేసి స్టైలిస్టిక్ సెట్లు ఒక్కొక్కటీ మార్చి చూడండి, తోకలు పెరగడం, వంపులు విచ్చుకోవడం కళ్ళముందే కనిపిస్తుంది. ఇన్‌డిజైన్‌లో, ఇల్లస్ట్రేటర్‌లో అయితే గ్లిఫ్స్ ప్యానెల్ తెరవండి. అక్షరం మీద నొక్కితే దాని రూపాలన్నీ వరసగా వస్తాయి.

మీ షాపులో ఇంకా పేజ్‌మేకర్ నడుస్తోందా? దాని చివరి వెర్షన్ 2001 నాటిది, ఈ సదుపాయాలు అందులో లేవు. దిగులు పడకండి. పేర్లు మాత్రం ఇల్లస్ట్రేటర్‌లోనో, కొత్త కోరెల్‌డ్రాలోనో పేర్చి, బొమ్మగా పేజీలోకి తెచ్చుకోవచ్చు.

ఎన్ని తోకలు వాడాలి? పంక్తికి ఒకటి, మరీ కావాలంటే రెండు. మొదటి అక్షరం ఎడమకు విచ్చుకోవచ్చు, చివరి అక్షరం కుడికి సాగవచ్చు. పదం మధ్యలోని అక్షరానికి పెద్ద తోక తగిలిస్తే అది రెండు పదాల్లా విడిపోతుంది. వరుడి పేరు చివర తోక పెడితే వధువు పేరు మొదట్లో తోక తగ్గించండి, లేకపోతే ‘వెడ్స్’ అన్న మాట వాటి మధ్య నలిగిపోతుంది.

6. సైజు విషయంలో ఉదారంగా ఉండండి. రౌండ్‌హ్యాండ్‌లో చిన్నక్షరాల ఎత్తు బాగా తక్కువ. మామూలు ఫాంట్‌లో హాయిగా చదవగలిగే 12 పాయింట్లు ఇక్కడ చీమల బారులా ఉంటాయి. 14 కన్నా కిందికి దిగవద్దు, పేర్లకైతే 24 నుంచి మొదలుపెట్టండి. జాఫీనోతో వేరే ఇబ్బంది ఉంది. దాని తోకలు పైకీ కిందికీ చాలా దూరం పోతాయి కాబట్టి పంక్తుల మధ్య జాగా విపరీతంగా తీసుకుంటుంది. రెండు పంక్తుల జాఫీనోకు చోటు లేని కార్డులో ఒక్క పంక్తే పెట్టండి.

7. తెలుగు వైపుతో పోటీ పెట్టకండి. తెలుగు అక్షరాలు ఒకదానికొకటి అతుక్కోవు, పెద్దవీ చిన్నవీ అన్న భేదం లేదు. వాటి అందం గుండ్రనిదనంలో, తలకట్టులో, కింద కూర్చునే వత్తుల్లో ఉంటుంది. ‘లక్ష్మి’ లాంటి పేరులో వత్తులు కింది పంక్తి గుడిని తాకకుండా జాగా వదలాలి. బాపు చేతిరాత తరహా అక్షరాలు తెలుగు వైపు వాడితే ఆ పేజీకి అదే పెద్ద అలంకారం, ఇంగ్లిష్ వైపు నిలువు అక్షరాలే చాలు. ఇంగ్లిష్‌లో బిక్‌హామ్ వాడాలనుకుంటే తెలుగు వైపు సాదా అక్షరాలు పెట్టండి. గూగుల్ ఫాంట్స్‌లో సిలికానాంధ్ర సంస్థ ద్వారా వచ్చిన తెలుగు ఫాంట్లు ఉచితంగా దొరుకుతాయి. చేతిరాత ఛాయలున్న లక్కిరెడ్డి మొదలు సాదా అక్షరాల దాకా వాటిలో ఎంచుకోవచ్చు.

ఇంగ్లిష్‌లోనూ డబ్బు పెట్టకుండా మంచి స్క్రిప్ట్ కావాలంటే అక్కడే రాబర్ట్ ల్యూష్కే గీసిన గ్రేట్ వైబ్స్, రౌండ్‌హ్యాండ్ తీరులో సాగే పిన్యన్ స్క్రిప్ట్ ఉన్నాయి. వ్యాపార పనులకూ వాడుకునే లైసెన్సుతో ఇస్తారు. పెన్‌డ్రైవ్‌లో ఎవరో ఇచ్చిన ఫాంట్ ఫైలు కన్నా ఇది నిశ్చింత. అలాంటి ఫైళ్ళలో అదనపు రూపాలు ఊడిపోయి ఉండటం కూడా మామూలే.

సర్టిఫికెట్లు వందల్లో చేసేటప్పుడు

ఇక్కడ ఫాంట్ ఒకటే, పేర్లు వేరు. జాబితాలో అన్నిటికన్నా పొడవైన పేరుతో మొదట డిజైన్ చేయండి. మన జాబితాల్లో ‘వెంకట లక్ష్మీ నరసింహ సత్యనారాయణ’ లాంటి పేరు ఒకటైనా ఉంటుంది. అది ఇమిడితే ‘రవి’కి ఇబ్బంది లేదు. తోకలున్న రూపాలను మూకుమ్మడి పనిలో వాడకండి, ఏ పేరు దగ్గర ఏది తగులుతుందో ప్రతి పేజీ తిరగేసి చూసుకోలేరు. పొట్టి పేర్ల కోసం సైజు పెంచకండి, అందరి పేర్లూ ఒకే సైజులో ఉండటమే మర్యాద.

అచ్చుకు పంపే ముందు

తెర మీద మెరిసిన సన్నగీత కాగితం మీద మాయమయ్యేది ఇక్కడే. స్క్రీన్ ప్రింటింగ్‌లో జల్లెడ గుడ్డ కన్నాల్లో వెంట్రుక గీతలు తెగిపోతాయి. బంగారు ఫాయిల్‌లో అయితే సన్నటి సందులు పూడుకుపోతాయి. అందుకని స్క్రీన్ ప్రింటింగ్‌కు కొంచెం దళసరి గీతలున్న ఫాంట్, ఫాయిల్ కార్డుకు సందులు విశాలంగా ఉన్న ఫాంట్ ఎంచుకోండి, లేదా సైజు పెంచండి. నాలుగు రంగుల ఆఫ్‌సెట్‌లో స్క్రిప్ట్ అక్షరాలను ఒకే రంగు సిరాతో వేయించండి. మెరూన్‌ను మూడు రంగులు కలిపి తెస్తే, ప్లేట్లు ఒక్క పిసరు జరిగినా గీతల అంచుల్లో నీడలు పడతాయి. ముదురు నేల మీద తెల్లగా వదిలిన స్క్రిప్ట్‌కూ ఇదే గండం.

అక్షరాల చుట్టూ అవుట్‌లైన్ కావాలా? రెండు అక్షరాలు కలిసే చోట ఒకదాని అంచు మరోదాని మీద గీతలా కనిపిస్తుంది. కోరెల్‌డ్రాలో ముందు అక్షరాలను కర్వ్స్‌గా మార్చి, వెల్డ్ చేసి, ఆ తరవాతే అవుట్‌లైన్ ఇవ్వండి. అప్పుడు పేరు మొత్తం ఒకే ఆకారంగా ఉంటుంది.

కర్వ్స్‌గా మార్చడం ప్రెస్సుకు పంపేటప్పుడు ఎలాగూ చేయాల్సిందే. ఆ ఫాంట్ ప్రెస్సు వాళ్ళ కంప్యూటర్‌లో లేకపోతే మీరు ఎంచుకున్న అక్షరాల స్థానంలో వేరేవి వచ్చి కూర్చుంటాయి. కోరెల్‌డ్రాలో కంట్రోల్, క్యూ నొక్కితే మారిపోతాయి. మారిన తరవాత అవి అక్షరాలు కావు, బొమ్మలు. స్పెల్లింగ్ దిద్దడం కుదరదు. కాబట్టి పేర్లలోని ప్రతి అక్షరాన్నీ ఇరువైపుల పెద్దల చేతా చదివించి, ‘ఓకే’ అని రాయించుకున్నాకే మార్చండి. అక్షరాలుగానే ఉన్న ఫైలును వేరే పేరుతో దాచుకోండి. రిసెప్షన్ కార్డు అడిగినప్పుడు అదే తెరవాలి.